జార్ జార్ బింక్స్ మీద జాతివివక్ష ఆరోపణకు సమాధానం ఏమిటి?

తోకచుక్క
విసుగెత్తి రాస్తున్నాను. 1999లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా 'ది ఫాంటమ్ మెనేస్'ను పాతికేళ్ళయిన సందర్భంగా 2024 మేలో అమెరికాలో మళ్ళీ థియేటర్లలో వేశారు. అప్పటినుంచి మా మిత్రుల్లో ఆ సినిమా పేరెత్తితే చాలు, "అది జాతుల్ని వెక్కిరించే సినిమా కదా" అని ఎవరో ఒకరు అడ్డు తగులుతున్నారు. అందులోని హాస్యపాత్ర జార్ జార్ బింక్స్ నల్లజాతివాళ్ళ మీద వెటకారమట. పాతసామాన్ల వ్యాపారి వాటో యూదుల మీదట. ట్రేడ్ ఫెడరేషన్ అనే వ్యాపారుల కూటమి నాయకులు తూర్పు ఆసియావాళ్ళ మీదట. దర్శకుడు జార్జ్ లూకస్ ఇవన్నీ జాబితా రాసుకుని కూర్చున్నాడా? చెవులు వేలాడే ఉభయచరంలో, రెక్కలున్న తొండంముక్కు జీవిలో మనుషుల జాతులు కనిపిస్తే తప్పు ఎవరిది, తీసినవాడిదా చూసినవాడిదా? వీళ్ళ నోరు మూయించే సమాధానం ఒకటి కావాలి.

కారప్పొడి
వాణిజ్యమార్గాల మీద పన్నుల తగాదాతో యుద్ధం సినిమా మొదలుపెట్టాడు. ఆ నేరానికే నేను ఇంకా క్షమించలేదు. జాతి దాకా రానే లేదు.

మూడోవరుస
నోరు మూయించడం తర్వాత, ముందు వాళ్ళు ఏమన్నారో వినండి. ఇది నిన్నమొన్న పుట్టిన గొడవ కాదు. సినిమా విడుదలైన రోజుల్లోనే వాల్ స్ట్రీట్ జర్నల్ విమర్శకుడు జో మోర్గెన్‌స్టర్న్ జార్ జార్‌ను స్టెపిన్ ఫెచిట్‌తో పోల్చాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే ప్యాట్రీషియా విలియమ్స్ ది నేషన్ పత్రికలో పెద్ద వ్యాసమే రాసింది.

స్టెపిన్ ఫెచిట్ అంటే 1930ల హాలీవుడ్‌లో ఒక నల్లజాతి నటుడి తెరపేరు. అసలు పేరు లింకన్ పెర్రీ. కాళ్ళీడ్చుకుంటూ నడిచే సోమరి, భయస్తుడు, మాట సరిగ్గా రానివాడు, తెల్లదొర చెప్పిందానికల్లా తలూపేవాడు. ఇదీ ఆ పాత్ర. దానికి వెనుక ఇంకో వందేళ్ళ చరిత్ర ఉంది. 1830ల నుంచి తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళలా ఆడుతూ పాడుతూ జనాన్ని నవ్వించిన ప్రదర్శనలు అమెరికా అంతటా నడిచాయి. ఇప్పుడు జార్ జార్‌ను చూడండి. తడబడే నడక, విరిగిన ఇంగ్లీషు, ప్రాణం కాపాడినందుకు జెడై వీరుడికి జీవితాంతం ఊడిగం చేస్తాననడం. విమర్శకులు చర్మం రంగు చూసి మాట్లాడలేదు. ఆ నడకను, ఆ మాటను అమెరికా ప్రేక్షకులు ఇంతకుముందు ఎక్కడ చూశారని అడిగారు.

తోకచుక్క
మూడోవరుస గారూ, జార్ జార్‌గా నటించిన అహ్మద్ బెస్ట్ స్వయంగా నల్లజాతివాడు. ఆరోపణ తప్పని ఆయనే చెప్పాడు. ఇక మనం ఎవరం?

లలిత_డల్లాస్
లింకన్ పెర్రీ కూడా నల్లజాతివాడే కదా. పైనే రాశారు.

తోకచుక్క
అది వేరే కాలం లలిత గారూ. పెర్రీకి వేరే పాత్రలు ఎవరిచ్చారు? అహ్మద్ బెస్ట్ ఆ నడకను తానే తయారు చేసుకున్నాడు. లూకస్ ఆయనకు చెప్పింది మూకీ సినిమాల బస్టర్ కీటన్ గురించి, డిస్నీ గూఫీ గురించి.

లలిత_డల్లాస్
ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. కీటన్‌ను చూసి నేర్చుకున్న నడక థియేటర్లో కూర్చున్న నల్లజాతి తల్లికి ఫెచిట్‌లా కనిపించవచ్చు. ఆమెకు కనిపించింది అబద్ధమని ఏ ఆధారంతో చెబుతారు?

ఎడిసన్_సుబ్బు
నేను తోకచుక్క గారి పక్షమే, కానీ మన పక్షాన్ని ముంచింది లూకస్ సొంత కంపెనీ లూకస్‌ఫిల్మ్ వాళ్ళే. 1999లో వాళ్ళ ప్రతినిధి ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: ఇది ఎక్కడో దూరపు నక్షత్రమండలంలో జరిగే కథ, దీన్ని మన లోకంతో ముడిపెట్టడం అర్థంలేని పని. అదే ఏడాది బీబీసీ ముఖాముఖిలో లూకస్ ఇంకో మెట్టు ఎక్కాడు. నారింజరంగు ఉభయచరాన్ని పట్టుకుని జమైకావాడని ఎలా అంటారని ఎదురు ప్రశ్నించాడు. మొత్తం ఇంటర్నెట్‌లో పుట్టిన గొడవ అని, పత్రికలు దాన్ని ఎత్తుకున్నాయని తేల్చేశాడు.

పాత స్టార్ వార్స్ గురించి మాత్రం ఇదే మనిషి ఏం చెప్పాడు? సామ్రాజ్యం సైనికుల దుస్తుల్లో నాజీలు కనిపించాలనుకున్నాడు. ఎవోక్‌లనే బుల్లి అడవిజీవుల పోరాటంలో వియత్నాం ఉందన్నాడు. పొగడ్తలు వచ్చినప్పుడు మన లోకం గుర్తుంటుంది, తిట్లు వచ్చినప్పుడు దూరపు నక్షత్రమండలమా? తెలివైన వకీలు ఈ వాదన కోర్టులో ఎత్తడు.

కారప్పొడి
సుబ్బు గారూ, మీరు మా పక్షం అన్నారు. అవతలి పక్షంవాళ్ళు ఎలా ఉంటారో చూడాలని ఉంది.

చిత్రగుప్తుడు
జార్ జార్ మీదే అందరూ పడుతున్నారు కానీ ఆ మూడింటిలో అతడిదే బలహీనమైన కేసు. అసలు చూడవలసింది మిగతా ఇద్దరిని.

ట్రేడ్ ఫెడరేషన్ నాయకుడు న్యూట్ గన్‌రేగా నటించిన బ్రిటిష్ నటుడు సైలస్ కార్సన్, థాయ్‌లాండ్ నటుడొకరు ఇంగ్లీషులో చదివిన సంభాషణల టేపు విని ఆ యాసను అనుకరించానని చెప్పాడు. అంటే ఆ గొంతుకు ఈ భూమి మీద ఒక చిరునామా ఉంది. నత్తిగా, కుట్రగా, పిరికిగా మాట్లాడే వ్యాపారులకు ఆ గొంతు పెట్టారు. 1980ల్లో, 90ల మొదట్లో అమెరికాలో "జపాన్‌వాళ్ళు మన వ్యాపారాలన్నీ కొనేస్తున్నారు" అనే భయం ఎంత ఉండేదో అప్పటి పత్రికలు చూసినవాళ్ళకు తెలుసు.

ఇక వాటో. వంకర ముక్కు, పాతసామాన్ల కొట్టు, జూదం, బానిసలు. జెడై మంత్రం తన మీద పనిచేయదని, తన మీద పనిచేసేది డబ్బేనని సొంత నోటితో చెబుతాడు. ఆరోపణలు వచ్చాక 2002లో వచ్చిన తర్వాతి భాగంలో వాటోకు గడ్డం పెట్టి, నల్లటోపీ కూడా పెట్టారు. ఆ టోపీ ఎవరి ఆలోచనో కానీ, వాళ్ళకు పత్రికలు చదివే అలవాటు లేదని మాత్రం చెప్పగలను.

తోకచుక్క
వాటో విషయంలో ఒక మాట. కొందరికి అతడి గొంతులో యూదుడు వినిపించాడు, కొందరికి అరబ్బు, ఇంకొందరికి ఇటలీవాడు. ఆరోపించేవాళ్ళకే ఒప్పందం లేదు. ముగ్గురు సాక్షులు ముగ్గురు దొంగల్ని చూపిస్తే కేసు కొట్టేస్తారు.

మూడోవరుస
కొట్టేయరు. అమెరికా సినిమాల్లో అత్యాశపరుడైన విదేశీ వ్యాపారి అనే బొమ్మ ఒకటి ఎప్పటినుంచో ఉంది. దానికి ఒకసారి యూదుడి ముక్కు పెడతారు, ఇంకోసారి అరబ్బు యాస పెడతారు. బొమ్మ ఒకటే కాబట్టి ఎవరి గుర్తులు పెడితే వాళ్ళకే తగులుతుంది. వాటోలో అన్నీ కలిసిపోయాయి, అందుకే ఒక్కొక్కరికి ఒక్కొక్కరు వినిపించారు.

పాలకొల్లు_రాజు
దూరపు నక్షత్రమండలం దాకా ఎందుకు? మన పాత సినిమాల్లో తాకట్టుకొట్టు సేఠ్ లేడా? తెల్ల టోపీ, పెద్ద బొజ్జ, వచ్చీరాని తెలుగు, చేతిలో లెక్కల పుస్తకం. గూర్ఖా కాపలాదారు లేడా? ప్రతి వాక్యం చివర "సాబ్" అని, వెంటనే దొంగల చేతిలో దెబ్బలు తిని పడిపోయేవాడు. వాటో మనకు బాగా తెలిసినవాడే. రెక్కలు ఒక్కటే కొత్త.

ఓరుగల్లు_వాణి
రాజు గారూ, జాబితా అక్కడే ఆపేశారేం? తెలంగాణ మాట మాట్లాడేవాడు ఎన్నేళ్ళు రౌడీగానో, పనివాడిగానో, పక్కనుండి నవ్వించేవాడిగానో మాత్రమే కనిపించాడో తెలియదా? శ్రీకాకుళం మాటకూ అదే గతి. నాయకుడు మాత్రం ఏ ఊరివాడైనా ఒకే తీరులో మాట్లాడేవాడు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు పక్కగదివాళ్ళు నన్ను పిలిచి "నీ భాషలో ఆ విలన్ డైలాగు చెప్పు" అనేవాళ్ళు. మా ఇంట్లో అమ్మ, నాన్న మాట్లాడుకునే భాష వాళ్ళకు విలన్ డైలాగు. ఆ సినిమాలు తీసినవాళ్ళలో ఎవరికీ మా మీద ద్వేషం ఉండి ఉండదు. అయినా ఆ గదిలో నిలబడింది నేనే.

తోకచుక్క
వాణి గారూ, మీకు జరిగింది అన్యాయమే, వాదించను. కానీ అక్కడ నిజమైన ఊరు, నిజమైన మాట ఉన్నాయి. జార్ జార్ ఉండే నాబూ గ్రహానికి హాస్టల్ లేదు. వరుసలో ప్రతి హాస్యపాత్రనూ ఇలా జాతి లెక్కన కోసుకుంటూ పోతే చివరికి తెర మీద మాట్లాడేవాళ్ళే మిగలరు. అందరూ ఒకే యాసలో, ఒకే మర్యాదతో మాట్లాడుకునే అంతరిక్షం చూడటానికి ఎవరు టికెట్ కొంటారు?

ఓరుగల్లు_వాణి
నాబూకు హాస్టల్ లేదు సరే. సినిమా చూసినవాళ్ళు ఉండే ఊళ్ళల్లో బడులు ఉన్నాయి కదా.

లలిత_డల్లాస్
వాణి గారి అనుభవానికి నా వంతు. నా మొదటి ఉద్యోగంలో ఒక సహోద్యోగి నేను ఫోను పెట్టేసిన ప్రతిసారీ 'ది సింప్సన్స్' కార్టూన్‌లోని భారతీయ కొట్టువాడు అపూ గొంతులో వీడ్కోలు చెప్పేవాడు. చెడ్డమనిషి కాదు, పుట్టినరోజుకు కేకు కూడా తెచ్చాడు. అపూకు గొంతు ఇచ్చింది హ్యాంక్ అజేరియా అనే తెల్లజాతి నటుడు. ఆ గొంతును వింటూ న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన మన తెలుగువాళ్ళ అబ్బాయి హరి కొండబోలు 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీశాడు. సింప్సన్స్‌వాళ్ళు 2018లో ఒక భాగంలో సమాధానం చెప్పారు: ఒకప్పుడు మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అని అందులోని చిన్నపిల్ల లీసా చేత అనిపించారు. మళ్ళీ అదే భుజాలెగరేయడం. 2020లో అజేరియా ఆ గొంతు ఇక ఇవ్వనని ప్రకటించాడు, మరుసటి ఏడాది భారతీయులకు క్షమాపణ చెప్పాడు. కొండబోలు ఆ కార్యక్రమాన్ని రద్దు చేయమనలేదు, దాని అభిమానిని అనే చెప్పుకున్నాడు. మీరు భయపడే టికెట్లు ఎక్కడికీ పోలేదు, తోకచుక్క గారూ.

ఎడిసన్_సుబ్బు
లూకస్ కథతోనే మన మీదికి వచ్చిన సినిమా ఒకటి ఉండగా అపూ దాకా ఎందుకు? 1984 నాటి 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్'. కథ లూకస్‌ది, దర్శకత్వం స్పీల్‌బర్గ్‌ది. రాజుగారి విందులో కోతిమెదడు, కళ్ళగుడ్ల చారు. స్క్రిప్టు చూసి మన ప్రభుత్వం చిత్రీకరణకు అభ్యంతరం చెబితే శ్రీలంక వెళ్ళి కాండీ దగ్గర తీసుకున్నారు. అక్కడ ఉభయచరం సాకు కూడా లేదు.

పాలకొల్లు_రాజు
కళ్ళగుడ్ల చారు చూసి మా నాన్న "ఉప్పు చూశారా లేదా" అన్నాడు. మా ఇంట్లో నిరసన అంతవరకే.

చిత్రగుప్తుడు
అందులో విలన్ మోలారామ్‌గా వేసిన అమ్రీష్ పురి తన ఆత్మకథలో ఒక మాట అన్నారు. మన సినిమాల్లో మనమే ఇలాంటివి చేస్తాం, విదేశీయుడు చేసినప్పుడు మాత్రం ముడుచుకుపోతాం అని. వాణి గారి పోస్టు చదివాక ఆ మాటలో మొదటి సగం ఇంకా బాగా అర్థమవుతోంది.

ఓరుగల్లు_వాణి
మొదటి సగం ఒప్పుకుంటాను. రెండో సగం ఒప్పుకోను. ఇంట్లో చేసినా ముడుచుకున్నవాళ్ళం ఉన్నాం. మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

నిర్వాహకుడు
కోతిమెదడు మీద వచ్చిన జవాబులను వంటల విభాగానికి మార్చాలా అని ఆలోచిస్తున్నాను. దయచేసి విషయానికి రండి.

నిశాచరి
ఇంతమంది మాట్లాడారు, అహ్మద్ బెస్ట్ ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

అప్పటికి ఆయనకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. 'స్టాంప్' అనే రంగస్థల బృందంలో డబ్బాలూ చెత్తబుట్టలూ వాయించే కళాకారుడు. పెద్ద సినిమాలో ముఖ్యపాత్రను మొత్తం కంప్యూటర్‌తో గీసి, దానికి మనిషి కదలికలు ఇవ్వడం అప్పటికి దాదాపు కొత్త. ఆ పని మొదట చేసినవాళ్ళలో ఈయన ఒకడు. సినిమా 1999లోనే 90 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. ఆయనకు దక్కింది ఏమిటి? ఆ ఏటి చెత్త సహాయనటుడిగా రాజీ (Razzie) అనే వెక్కిరింపు అవార్డు. జార్ జార్‌ను చంపేయాలని కోరే వెబ్‌సైట్లు. ఎవరో అభిమాని అతడి సన్నివేశాలు కత్తిరించి సినిమాను మళ్ళీ కూర్చితే ఆ కూర్పు చేతులు మారుతూ తిరిగింది. 2005 నాటి మూడో భాగానికి వచ్చేసరికి జార్ జార్‌కు మాటలే దాదాపు లేవు. ఆ రోజుల్లో ప్రాణం తీసుకుందామన్నంత వరకు వెళ్ళానని 2018లో ఆయనే బయటపెట్టాడు, పక్కన కొడుకుతో ఉన్న ఫోటోతో.

2019లో చికాగోలో జరిగిన స్టార్ వార్స్ వేడుకలో ఆయన వేదిక మీదికి వస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తనకు బాగా ఇష్టమైన పాత్ర జార్ జారేనని లూకస్ వీడియోలో చెప్పాడు.

తోకచుక్క
నిశాచరి గారు రాసింది చదివాక నా వాదన ఇంకా గట్టిపడింది. జాతివివక్ష అని రాసిన మేధావులే కదా ఒక నల్లజాతి నటుడి ప్రాణం మీదికి తెచ్చింది?

మూడోవరుస
కాదు, ఇక్కడే అందరూ పొరబడతారు. రెండు గుంపులు వేరు. ప్యాట్రీషియా విలియమ్స్ లాంటివాళ్ళు పాత్ర ఎక్కడినుంచి వచ్చిందని రాశారు, నటుడిని తిట్టలేదు. జార్ జార్ చావాలని వెబ్‌సైట్లు పెట్టినవాళ్ళకు జాతి గొడవే పట్టలేదు. చిన్నప్పుడు చూసిన పవిత్ర గాథలో పిల్లల హాస్యం దూరిందని వాళ్ళ కడుపుమంట. ఈ రెండు గుంపులనూ లూకస్ కలిపేశాడు. ఇంటర్నెట్‌లో జార్ జార్ నచ్చనివాళ్ళు మొదలుపెట్టారు, పత్రికలు దాన్నే జాతివివక్షగా మార్చాయని బీబీసీలో అన్నది అదే. దాంతో విమర్శకు సమాధానం చెప్పవలసిన అవసరం తప్పిపోయింది. అభిమానుల దాడి నుంచి కుర్రవాడిని కాపాడవలసిన బాధ్యతా తప్పిపోయింది.

లలిత_డల్లాస్
మూడోవరుస గారి పోస్టు కింద రెండు సంతకాలు పెట్టే వీలుందా?

కారప్పొడి
2018 వేసవిలోనే కెల్లీ మేరీ ట్రాన్ కూడా. 'ది లాస్ట్ జెడై'లో నటించినందుకు వియత్నాం మూలాల ఆ అమ్మాయిని అభిమానులమని చెప్పుకునేవాళ్ళు ఎంత హింసించారంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవన్నీ తీసేసింది. ఈసారి హాస్యం నాకు రావడం లేదు.

చిత్రగుప్తుడు
లూకస్ ఒక్కడినే ఎందుకు నిలబెట్టాలి? 2009లో 'ట్రాన్స్‌ఫార్మర్స్: రివెంజ్ ఆఫ్ ద ఫాలెన్'లో స్కిడ్స్, మడ్‌ఫ్లాప్ అని కవల రోబోలు. ఒకడికి బంగారు పన్ను. ఇద్దరూ నల్లజాతి వీధికుర్రాళ్ళ తీరులో మాట్లాడతారు, చదవడం రాదని వాళ్ళే చెబుతారు. ఇనుముతో చేసిన యంత్రానికి బంగారు పన్ను ఎందుకు? విమర్శ వచ్చాక దర్శకుడు మైకేల్ బే అన్నది ఇంచుమించు ఇది: అవి రోబోలు, సరదాకు చేసింది, గొంతు ఇచ్చిన నటులు అలా తీసుకెళ్ళారు, మేం ఒప్పుకున్నాం. నెపం గొంతుల మీదికి వెళ్ళిపోయింది.

ఒక కొసరు సంగతి. స్కిడ్స్‌కు గొంతు ఇచ్చిన టామ్ కెన్నీయే 'ది క్లోన్ వార్స్' యానిమేషన్ ధారావాహికలో న్యూట్ గన్‌రేకూ గొంతు ఇచ్చాడు. పిల్లలు ఆయనను స్పాంజ్‌బాబ్‌గా ఎరుగుదురు.

పాలకొల్లు_రాజు
ఒకే గొంతుతో రెండు ఆరోపణలు. పాపం స్పాంజ్‌బాబ్.

ఎడిసన్_సుబ్బు
ఒక మార్పు మాత్రం గమనించాలి. 2022లో 'ఒబీ-వాన్ కెనోబీ' ధారావాహికలో మోజెస్ ఇంగ్రమ్ అనే నల్లజాతి నటి మీద బూతులు కురిస్తే స్టార్ వార్స్ అధికారిక ఖాతా వెంటనే ఆమె పక్షాన నిలబడింది. ఈ నక్షత్రమండలంలో 2 కోట్లకు పైగా జీవజాతులున్నాయి, మీరు జాతివివక్షాపరులుగా ఉండాలని ఎంచుకోకండి అని రాసింది. 1999లో తప్పించుకోవడానికి వాడిన నక్షత్రమండలాన్నే ఈసారి ఎదురు నిలబడటానికి వాడారు.

ఓరుగల్లు_వాణి
మంచిదే. కానీ నటి మీద దాడిచేసిన బయటివాళ్ళను తిట్టడం సులభం. తమ స్క్రిప్టు మీద వచ్చిన ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం. 2015లో 'ది ఫోర్స్ అవేకెన్స్' చైనా పోస్టరు మీద నల్లజాతి నటుడు జాన్ బోయేగా బొమ్మ చిన్నదైపోయినప్పుడు ఆ ఖాతా ఎక్కడ ఉంది? నల్లజాతి పాత్రను ప్రచారంలో ముందు పెట్టి కథలో పక్కకు నెట్టారని 2020లో బోయేగా బహిరంగంగా అన్నాడు. దానికి ట్వీటు సరిపోదు.

తోకచుక్క
సరే, నా మొదటి ప్రశ్నను తిప్పి అడుగుతాను. మీలో ఎవరైనా 1999లో లూకస్ పక్కన కూర్చుని ఉంటే ఏం చెప్పమనేవారు? "నేను జాతివివక్షాపరుడిని, క్షమించండి" అనాలా? అది కూడా నిజం కాదు కదా.

మూడోవరుస
అలా అనమని ఎవరూ అడగలేదు. "గూఫీని, కీటన్‌ను దృష్టిలో పెట్టుకుని చేశాను, మీకు ఫెచిట్ కనిపించాడంటున్నారు, ఎక్కడ కనిపించాడో చూపించండి" అంటే సరిపోయేది.

చిత్రగుప్తుడు
థాయ్ టేపు ఎందుకు ఎంచుకున్నారో చెబితే సరిపోయేది. దానికి మాత్రం ఉభయచరం మాట వర్తించదు.

నిశాచరి
ముందు అహ్మద్ బెస్ట్‌కు ఫోను చేయమనేదాన్ని.

తోకచుక్క
జార్ జార్ విషయంలో నేను ఇప్పటికీ ఒప్పుకోను. న్యూట్ గన్‌రే గొంతును నేను సమర్థించబోవడం లేదు, ఎప్పుడూ నచ్చలేదు. వాటో సంగతి రెండో భాగం మళ్ళీ చూసి చెబుతాను, ఆ టోపీ నాకు గుర్తులేదు.

ఓరుగల్లు_వాణి
నిశాచరి గారూ, అహ్మద్ బెస్ట్ తర్వాత మళ్ళీ ఏమైనా నటించాడా? ఎక్కడ చూడాలి?

నిశాచరి
'ది మాండలోరియన్' మూడో సీజన్, నాలుగో భాగం, 2023లో వచ్చింది. జెడైలను ఊచకోత కోస్తున్న రాత్రి పసివాడు గ్రోగూను కాపాడి తీసుకెళ్ళే జెడై కెలరాన్ బెక్ ఆయనే. ముసుగు లేదు, కంప్యూటర్ బొమ్మ లేదు, సొంత ముఖమే.